చెప్పినవాళ్ల కళ్లద్దాలు తీసుకోం

212వ రోజు, సోమవారం

ఉదయం ఎనిమిదింటికి పోటు తగ్గింది. వంతెన పలకల మీద నాచు గీకి, ఇసుక చల్లి, తొమ్మిదిన్నరకు పిల్లల్ని దాటించాను. ముప్పై ఒక్కరు వచ్చారు. రెండో నంబరు, ఇరవై ఆరో నంబరు కళ్లద్దాలు సరిగా ఛార్జి ఎక్కలేదు. చూస్తే కప్పు మీది సోలార్ పలకలపై పక్షుల రెట్ట పేరుకుపోయి ఉంది. నిచ్చెన వేసుకుని కడిగాను. యాభై నాలుగేళ్ల మోకాళ్లు ఊరుకోలేదు.

పిల్లలు వరుసగా కూర్చుని కళ్లద్దాలు పెట్టుకోగానే గది నిశ్శబ్దమైపోతుంది. ఒకరు ఎక్కడో అనంతపురంలో ఉన్న లెక్కల మాస్టారి ముందు కూర్చుంటారు. ఒకరు ఆటలో పడతారు. ఇంకొకరు ఎన్నడూ చూడని ఊళ్లో ఉన్న స్నేహితురాలితో కబుర్లాడుతూ నవ్వుకుంటారు. దిగువ వీధులతోపాటు బడి కూడా సముద్రంలో కలిసిపోయాక ఎగువపేట పిల్లలకు చదువూ ఆటా స్నేహమూ అన్నీ ఈ గదిలోంచే. పద్నాలుగేళ్లు నిండేదాకా నెట్‌లోకి వెళ్లడానికి వాళ్లకు ఇంకో దారి లేదు. అందుకే దీన్ని వాకిలి అంటారు. నేను ఈ వాకిలికి కావలి, ఈ దినచర్య పుస్తకం రాసేదీ నేనే. అంతకు ముందు ఇరవై ఏళ్లు అంగన్‌వాడీలో చేశాను.

లోపల పిల్లలు ఏం మాట్లాడుకుంటారో నేను వినకూడదు. చట్టం ఒప్పుకోదు, నాకూ అదే న్యాయమనిపిస్తుంది. ఎవరిని కలిశారు, ఎంతసేపు ఉన్నారు అన్నది మాత్రం నా తెర మీద కనిపిస్తుంది. మాటలు వడకట్టే పని జల్లెడది. అది యంత్రం. బూతు, బెదిరింపు, రక్తపాతం కనబడితే అక్కడికక్కడే ఆపేస్తుంది. సాయంత్రం లెక్క ఒప్పజెబుతుంది. ఈరోజు లెక్క: ప్రమాదాలు లేవు.

పిల్లలు వెళ్లాక కళ్లద్దాలు తుడిచాను. పదిహేడో నంబరుకు కళ్ల చుట్టూ ఆనే మెత్త తడిగా ఉంది. చెమట అనుకున్నాను.

214వ రోజు, బుధవారం

పదిహేడో నంబరు ఇవాళ కూడా తడే. వరుసగా మూడో రోజు. చెమటైతే నుదుటి దగ్గర ఉండాలి. ఇది కళ్ల కింద ఉంది.

పదిహేడు హైమావతిది. పన్నెండేళ్లు. మనుషుల్లేని పడవల్ని నడిపే నూకాలు కూతురు. లెక్కల్లో గట్టి పిల్ల, గలగలా మాట్లాడేది. ఈమధ్య వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ తలెత్తడం లేదు.

పిల్లలు వెళ్తుంటే ఆపి అడిగాను. "హైమా, లోపల ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఏటీ లేదత్తా."

"నాతో చెప్పొచ్చు."

ఆ పిల్ల నావైపు చూడలేదు. పక్క కుర్చీ వైపు చూసింది. అది పదేళ్ల లోవకుమారి కూర్చునే కుర్చీ. "ఏటీ లేదన్నాను గదత్తా" అని చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్లిపోయింది.

తెర మీద జాబితా తిరగేశాను. నలభై ఒక్క రోజులుగా హైమ రోజూ ఒకరిని కలుస్తోంది. పేరు వెన్నెల, వయసు పదమూడు, ఊరు ఏదో దీవి. లోపల ఎవరు ఏ ముఖమైనా తగిలించుకోవచ్చు, ఏ గొంతుతోనైనా మాట్లాడొచ్చు. పదమూడని రాసుకున్నవాళ్లంతా పదమూడేళ్లవాళ్లు కారు. జల్లెడను అడిగాను. ఒక్క చెడ్డ మాట లేదంది. పైగా ఈ స్నేహానికి 'ఉత్తమం' అని గుర్తు పెట్టింది.

215వ రోజు, గురువారం

మధ్యాహ్నం రేవు మీదున్న నూకాలు పనిగదికి వెళ్లాను. ఎనిమిది తెరల మీద ఎనిమిది పడవలు. ఒళ్లో ఏడాదిన్నర కొడుకు. భర్త దక్షిణాన మడచెట్లు నాటే పనిలో ఉన్నాడు. ఆరు నెలలకోసారి వస్తాడు.

"హైమ ఇంటి దగ్గర బాగానే ఉంటందా?" అనడిగాను.

"ఎక్కడ బాగుంటాదమ్మా! సరిగా తిండం లేదు. తమ్ముణ్ణి ఎత్తుకోయే అంటే గోడకేసి తిరిగిపోతంది. వీడికి జొరమొచ్చి పన్నెండు దినాలు ఆస్పత్రిలోనే ఉండిపోనాను గదా, అప్పుట్నించీ అదలగే ఉంది." తెరల మీంచి చూపు తిప్పి నావైపు చూసింది. "అక్కడేటైనా అయిందేటి?"

"తెలీదు. ఏదో అయిందనిపిస్తంది."

"అయితే ఆ కళ్లద్దాలు తీసి పారేద్దాం. రేపట్నించి పంపను."

నేను సరేననబోయాను. అదే సులువైన దారి. ఆలోచించి చెబుతానని లేచాను.

వంతెన దగ్గర లోవకుమారి పీతలు పట్టుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"వేణత్తా, హైమక్కవి కూడా తీసేత్తారా? నావి తీసేసినట్టు?"

"ఎందుకడుగుతున్నావు?"

"ఊరికినే." కాసేపు కాలితో నీళ్లు కలిపింది. "నాను మీకు సెప్పకపోతే నావి తీసేవోరు కాదు గదత్తా. అందరికీ తెల్సు. అందుకే మీకెవులూ ఏటీ సెప్పరు."

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అనేసి మళ్లీ పీతల కోసం వంగింది.

నాలుగు నెలల కిందట జరిగింది ఇది. ఆటలో ఎవరో పెద్దమనిషి వెంటపడి ఇల్లెక్కడ, ఇంట్లో ఎవరుంటారు అని అడుగుతున్నాడని లోవ తనంతట తాను వచ్చి నాతో చెప్పింది. నేనేం చేశాను? పిల్ల క్షేమం కోసమని నలభై రోజులు దాని కళ్లద్దాలు బీరువాలో పెట్టి తాళం వేశాను. దాని చదువు ఆగింది. స్నేహితులు దూరమయ్యారు. ఆ మనిషి మాత్రం మర్నాడు ఇంకో ముఖం పెట్టుకుని ఆటలోకి వచ్చే ఉంటాడు. శిక్ష పడింది చెప్పిన పిల్లకు. అది చూసి గదిలోని ముప్పైమందీ పాఠం నేర్చుకున్నారు.

సత్యవేణి అనే నేను చేసిన తప్పు ఇది. ఈ పుస్తకంలో ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

216వ రోజు, శుక్రవారం

పిల్లలు కళ్లద్దాలు పెట్టుకోకముందే అందరి ఎదుట నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"లోవా, నువ్వు నాకు చెప్పి మంచి పని చేశావు. నేను నిన్ను శిక్షించాను. తప్పు నాది. క్షమించు" అన్నాను.

లోవ నోరు తెరుచుకుని చూసింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఆపుకున్నారు.

"ఇవాళ్టినుంచి కొత్త పద్ధతి" అని గోడకున్న బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. చెప్పినవాళ్ల కళ్లద్దాలు తీసుకోం. చెప్పినవాళ్లను తిట్టం. చెప్పినదాన్ని వాళ్లకు తెలియకుండా ఎవరికీ చెప్పం.

"నిజింగానా?" అని ఎవరో అడిగారు.

"నిజంగానే."

"మేవే తప్పు సేసినా?"

"మీరే చేసినా."

సాయంత్రం దాకా బల్ల దగ్గర ఎదురు చూశాను. ఎవరూ రాలేదు. పోయేముందు ఒక్క పిల్ల వచ్చి, ఆటలో తన గుర్రాన్ని ఎవరో ఎత్తుకుపోయారని చెప్పింది. గుర్రం రంగు అడిగి, దాని పేరు అడిగి, అంతా రాసుకున్నాను.

హైమ రాలేదు. మెత్త తడిగానే ఉంది.

217వ రోజు, శనివారం

ఊరి పాలన చూసే బోర్డుకు పెద్ద కూర్మినాయుడు గారు కర్ర పోటేసుకుంటూ వచ్చారు. గోడ మీద రాసినదాన్ని రెండుసార్లు చదివారు.

"బోర్డునడక్కుండా ఈ రూలెవులు పెట్టమన్నారమ్మా? తప్పుకి బయం లేకపోతే పిల్లలింకేటి వింటారు?"

"చెప్పిన పిల్ల తప్పు చేసిన పిల్ల కాదు నాయుడు గారూ."

"నీకు తెలవట్లేదు. జనం అసలు ఈ వాకిలే మూసీమంటన్నారు. మా నాయన కాలంలో ఇవేవీ లేవు. పిల్లలు బతకలేదేటి?"

"మీ నాయన గారి కాలంలో బడి ఉండేది. ఇప్పుడది నీళ్లలో ఉంది."

ఆయన కిటికీలోంచి సముద్రం వైపు చూశారు. ఆయన చదివిన బడి కూడా అదే. "మంగళవారం మీటింగు పెడతాను. అక్కడ మాటాడు" అని వెళ్లిపోయారు. మూసేయాలని ఓటు పడితే ఆపడం నా చేతిలో లేదు.

219వ రోజు, సోమవారం

పిల్లలంతా వంతెన దాటాక హైమ వెనక్కి వచ్చింది. మర్చిపోయిన సీసా కోసం వచ్చినట్టు గదంతా వెతికింది. తర్వాత గుమ్మం దగ్గరే నిలబడి అంది.

"బోర్డు మీద రాసింది ఎంత పెద్ద తప్పుకైనానా అత్తా?"

"ఎంత పెద్దదానికైనా."

కూర్చోబెట్టాను. మంచినీళ్లిచ్చాను. తాగలేదు. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని ఒక్కొక్క మాటే చెప్పింది.

తమ్ముడికి జ్వరమొచ్చినప్పుడు ఇంట్లో హైమ ఒక్కతే ఉంది. పక్కింటివాళ్లు అన్నం పెట్టేవారు. అప్పుడే వెన్నెల పరిచయమైంది. రోజూ తిన్నావా అని అడిగేది. మా అమ్మకూ నేనంటే ఇష్టం లేదు అనేది. ఇలాంటివన్నీ మన మధ్యే ఉండాలి, పెద్దవాళ్లకు అర్థం కాదు అనేది. ఒకరోజు ఏడుస్తూ హైమ నోటికొచ్చిందేదో అనేసింది.

"ఏమన్నావు?"

"తమ్ముడు సచ్చిపోతే బాగుణ్ణు అన్నాను. అప్పుడు అమ్మ ఇంటికొచ్చేత్తాది గదా అన్నాను."

నా ముఖంలో ఏదీ కనపడనివ్వలేదు. ఇరవై ఏళ్ల అంగన్‌వాడీలో నేర్చుకున్నది అదొక్కటే.

వెన్నెల ఆ మాటను హైమ గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకుంది. వారం తర్వాత వినిపించింది. 'ఇది మీ అమ్మ వింటే ఎంత బాధపడుతుందో కదా, నేను వినిపించనులే, నువ్వు నా మాట వింటే' అంది. ఒక్క పరుషమైన మాట లేదు. జల్లెడకు అది బెదిరింపులా కనిపించలేదు. ముందు ఇంటి ఫోటో పంపమంది. తర్వాత అమ్మ ఏ వేళకు పనికి వెళ్తుందో రాయమంది. ఇప్పుడేమో గురువారం మధ్యాహ్నం లాంచీలో వస్తున్నాను, పాత రేవుకు ఒక్కదానివే రా, ఎవరికీ చెప్పకు అంటోంది.

"అది పిల్ల కాదు గదత్తా?"

"కాదనే నాకూ అనిపిస్తంది."

"అమ్మకి సెప్పొద్దత్తా. మీ కాళ్లట్టుకుంతాను."

ఇక్కడ అబద్ధమాడి ఒప్పించడం తేలిక. "చెప్పనని మాటివ్వలేను హైమా. కానీ నువ్వు లేకుండా చెప్పను. ఇద్దరం వెళ్దాం. నీ నోట రాకపోతే నేను చెప్తాను. నువ్వు నా పక్కన కూర్చో. నీది తప్పు కాదు. నువ్వు ఒంటరిగా ఉన్నావని కనిపెట్టి ఆ మనిషెవరో నిన్ను పట్టుకున్నారు."

చాలాసేపటికి గ్లాసు బల్ల మీద పెట్టింది. నీళ్లు తాగే పెట్టింది.

నూకాలు వంటింట్లో చేప కడుగుతోంది. హైమ గుమ్మం దాటి లోపలికి రాలేకపోయింది. నేను మొదలుపెట్టాను. సగంలో హైమే అందుకుంది. ఆ మాట కూడా తన నోటితోనే చెప్పేసింది. నూకాలు చెయ్యి చేప మీదే ఆగిపోయింది.

"నువ్వు పుట్టినప్పుడు మూడు నెలలు పగలూ రేత్రీ ఏడిసీదానివే" అంది నూకాలు, కూతురి వైపు చూడకుండానే. "ఒకరోజు నిన్ను పక్క మీదొగ్గేసి రేవు దాకా ఎల్పోనాను. మరింక రాకూడదనే ఎల్నాను. మీ నాన్నకి కూడా సెప్పలేదు ఇంతవరకూ." తడి చేతులతోనే హైమ ముఖం పట్టుకుంది. "అనుకుంటాం అమ్మా. అలిసిపోయినప్పుడు ఏటేటో అనుకుంటాం. అనుకున్నంత మాత్రాన రాచ్చసులమైపోతామేటి? నువ్వొక్కదానివీ ఇన్నాళ్లు మోసీసినావా?"

ఆ తర్వాత నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. లోపలి ఏడుపు నాది కాదు.

220వ రోజు, మంగళవారం

రాత్రే పోలీసులకు కబురు పెట్టాం, పొద్దున్నే లాంచీలో ఇన్‌స్పెక్టర్ మేరీ సుగుణ వచ్చారు. సన్నటి మనిషి. నిదానంగా మాట్లాడతారు. హైమతో మొదట అన్నమాట, "నువ్వు చెప్పడం వల్ల మాకు రెండు రోజుల టైము దొరికిందమ్మా."

మాటలేవీ చెరిపేయవద్దన్నారు, జవాబు కూడా ఇవ్వవద్దన్నారు. హైమ తన వేలిముద్రతోనే కళ్లద్దాల తాళం తీసి, నలభై ఏడు రోజుల మాటల్నీ ఇన్‌స్పెక్టరుకు అప్పగించింది. నూకాలు పక్కన కూర్చుంది. పిల్లాడు హైమ ఒళ్లో ఉన్నాడు.

మధ్యాహ్నం ఇంకో ఇద్దరు పిల్లలు నా బల్ల దగ్గరికి వచ్చారు, వేర్వేరుగా. ఒకరి స్నేహితురాలి పేరు మేఘన, ఇంకొకరిది రోజా. ఇద్దరూ ఒకే మాట చెప్పారు: "ఇవన్నీ మన మధ్యే ఉండాలంది అత్తా, పెద్దోళ్లకి అర్థం కాదంట." తీరం వెంబడి ఉన్న మిగతా వాకిళ్ల కావలివాళ్లకు కబురు పెట్టాను. బోర్డు మీద రాసిన మూడు మాటలూ వాళ్లకు పంపాను. అవే మీ పిల్లల ముందు చెప్పి చూడండి అన్నాను. సాయంత్రానికి మొత్తం అయిదు ఊళ్లలో ఏడుగురు పిల్లల సంగతి బయటపడింది. ఆ మాటలన్నీ పోల్చి చూసి, ఏడుగురి వెనకా మనిషి ఒక్కడేనని ఇన్‌స్పెక్టరు తేల్చారు.

మీటింగుకు ఊరంతా వచ్చింది. మూసేయాల్సిందేనని చాలామంది అరిచారు. నేను రాసుకుని వెళ్లిన కాగితం చేతిలోనే ఉండిపోయింది. నూకాలు లేచి నిలబడింది. ఆమె మీటింగుల్లో మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు.

"మూసీమని మొన్న నానే అన్నాను. మూసీసుంటే నా పిల్ల ఆ ముక్క నాకు సెప్పీదా? కడుపులోనెట్టుకుని గురువారం ఒక్కర్తీ రేవుకెల్లీది. గుమ్మం మూసీసినంత మాత్రాన దొంగ సావడు. పిల్ల నోరు మూత పడతాది, అంతే. నాకు గుమ్మం తెరిసే ఉండాల, నా పిల్ల నోరూ తెరిసే ఉండాల."

కూర్మినాయుడు గారు కర్ర రెండు చేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నారు. చివరికి, "ఆ గోడ మీద రాసిన రూలుని బోర్డు పుస్తకంలో ఎక్కించండి" అన్నారు. ఓట్లు లెక్కపెట్టాల్సిన అవసరం రాలేదు.

222వ రోజు, గురువారం

పిల్లను ఎరగా పెట్టేది లేదని ఇన్‌స్పెక్టరు ముందే చెప్పారు. పదకొండింటి నుంచి నేనూ నూకాలూ హైమా వాళ్లింట్లో కూర్చుని రొయ్యలు ఒలిచాం. లాంచీ కూత వినపడినప్పుడు హైమ చేతిలోని రొయ్య జారి పడింది. నూకాలు దాన్ని తీసి మళ్లీ కూతురి చేతిలోనే పెట్టింది.

ఒంటిగంటకు ఇన్‌స్పెక్టర్ మేరీ సుగుణ వచ్చి గుమ్మంలో టోపీ తీశారు.

"దొరికాడు."

యాభై ఏళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో మిఠాయి పొట్లం. లాంచీ దిగి, తిరుగు లాంచీ ఎన్నింటికని టికెట్ల అమ్మాయిని అడిగాడట. రెండు టికెట్లు కావాలన్నాడట. పోలీసులు చుట్టుముట్టగానే నేనేం చేశాను, నేనొక్క చెడ్డ మాటైనా అన్నానా అన్నాడట. అనలేదు, నిజమే. ఏడుగురు పిల్లల మాటలు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప అతనేం చేశాడో కనబడదు. అవి పక్కపక్కన పెట్టడానికి పిల్లలే నోరు విప్పాల్సి వచ్చింది.

"ఎలగుంటాడు?" అని హైమ అడిగింది.

"మామూలుగా" అన్నారు ఇన్‌స్పెక్టరు. "చాలా మామూలుగా ఉంటాడమ్మా."

హైమ తలూపింది. "వెన్నెల లేదన్నమాట" అంది. అప్పుడు ఏడ్చింది. భయంతో కాదని నాకు అర్థమైంది. తిన్నావా అని రోజూ అడిగిన స్నేహితురాలు నిజంగా పోయినట్టే ఉంది దానికి. నూకాలు ఆపలేదు, ఏడవనిచ్చింది.

227వ రోజు, మంగళవారం

హైమ వచ్చి పదిహేడో కుర్చీలో కూర్చుంది. కళ్లద్దాలు ఒళ్లో పెట్టుకుంది గానీ తొడుక్కోలేదు. నేను తొందర పెట్టలేదు. లోవ కూడా తనవి తీసి పక్కన పెట్టి, లెక్కల పుస్తకం తెరిచింది. ఇద్దరూ ఆ పూటంతా కాగితం మీద లెక్కలు చేశారు. వెళ్లేముందు హైమ పది నిమిషాలు కళ్లద్దాలు పెట్టుకుని మాస్టారికి దండం పెట్టి వచ్చింది.

జల్లెడ తయారుచేసేవాళ్ల దగ్గర్నుంచి ఒకామె మాట్లాడింది. దానికి ఏమేం నేర్పాలో చెప్పమంది. నాకు తెలియదు, పిల్లల్ని అడగండి అన్నాను. ఏడుగురు పిల్లలూ కూర్చుని చెప్పారు. 'ఎవరికీ చెప్పకు' అంటే ఆగి చూడాలి. 'మీ ఇంట్లోవాళ్లకు నువ్వంటే ఇష్టం లేదు' అంటే ఆగి చూడాలి. 'నువ్వు మిగతావాళ్లలా కాదు, పెద్దదానివి' అంటే ఆగి చూడాలి. ఇరవై మూడు మాటలు వచ్చాయి. ఒక్కటీ బూతు కాదు.

నూకాలు పని మానుకుని గంటసేపు గదిలో కూర్చుంది. కళ్లద్దాల్లో ఏముంటుందో చూపించమని కూతుర్ని అడిగింది. తలకిందులుగా పెట్టుకుని "ఓలమ్మో, సముద్దరం పైనుంది!" అని కేకేస్తే గదంతా నవ్వింది. హైమ కూడా నవ్వింది.

261వ రోజు, సోమవారం

ముప్పై నలుగురు వచ్చారు. పోటు పదింటికి తగ్గింది. నాలుగో నంబరు కళ్లద్దాల కాడ విరిగితే అతికించాను.

ఇప్పుడు సాయంత్రాలు నా బల్ల ముందు వరుస ఉంటోంది. ఇవాళ తొమ్మిదిమంది చెప్పారు. ఒకడు ఆటలో ఓడిపోయి ఏడ్చాడు. ఒక పిల్ల తన బొమ్మకు పేరు పెట్టమంది. ఒకరు తానే ఎవరినో తిట్టానని ఒప్పుకుని, క్షమాపణ ఎలా రాయాలో అడిగారు. ఇవన్నీ రాసుకోవాలా అని కూర్మినాయుడు గారు నిన్న విసుక్కున్నారు. చిన్నవి విన్నామా లేదా అని చూసుకున్నాకే పెద్దవి చెబుతారండీ అన్నాను.

అందరికంటే చివర ఎనిమిదేళ్ల ఈశ్వరమ్మ వచ్చింది. ఆటలో తన పాయింట్లు ఎవరో కాజేశారంది. ఎన్ని పాయింట్లో అడిగాను. నలభై అంది. ఎలా పోయాయో అడిగాను. చెప్పింది. రాసుకుని, రేపు చూద్దామన్నాను.

ఈశ్వరమ్మ కదల్లేదు. గౌను అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఇంకేమైనా ఉందామ్మా?"

వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. గది ఖాళీగా ఉంది. మళ్లీ నావైపు తిరిగింది.

"ఉంది" అంది.

పెన్ను కింద పెట్టి, కుర్చీ దాని దగ్గరికి జరుపుకున్నాను.